మూడు గంటలు గేటు దాటితే చదువు ఆగిపోదు

ప్రశ్న: డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. హాస్టల్ గది, క్లాసు, ల్యాబు, లైబ్రరీ, మళ్ళీ గది. వారమంతా గానుగెద్దు బతుకే. ఆదివారం కూడా గేటు దాటను. దాటితే ఏదో తప్పు చేస్తున్నట్టు ఉంటుంది. అలాగని చదువు సాగుతోందా అంటే, నాలుగు గంటలు కూర్చున్నా నాలుగు పేజీలు కావడం లేదు. ‘కాస్త బయట తిరిగి రా, తేలికపడతావు’ అంటే పోయిన నెల తొమ్మిదిమందిమి కలిసి రెండు రోజుల ట్రిప్పుకు వెళ్ళాం. వెళ్ళడం, రావడం రాత్రి బస్సులోనే. మూడు చోట్లు చూశాం, బోలెడు ఫొటోలు తీసుకున్నాం. తిరిగొచ్చిన సోమవారం క్విజ్ పోయింది, రెండు అసైన్‌మెంట్లు మిగిలిపోయాయి, వెళ్ళకముందు కంటే ఎక్కువ అలసిపోయాను. ఒక్కదాన్నే వెళ్ళాలంటే భయం. ఇంట్లో ఒప్పుకోరు. చేతిలో డబ్బు కూడా అంతంతమాత్రమే. అసలు బయట తిరిగితే ఒత్తిడి తగ్గుతుందా? తగ్గేదుంటే ఎలా తిరగాలి? ఇంట్లో ఏమని చెప్పాలి?
– ఒక విద్యార్థిని

సమాధానం: తగ్గుతుంది. అయితే ముందు మీ ట్రిప్పు ఎందుకు బెడిసికొట్టిందో చూద్దాం. ఇలాంటి ఒక్క అనుభవంతోనే ‘నాకు తిరుగుళ్ళు పడవు’ అని తేల్చేసుకునేవాళ్ళు చాలామంది.

రాత్రి బస్సులో వెళ్ళి రాత్రి బస్సులో వచ్చారు కాబట్టి రెండు రాత్రుల నిద్రకు గండి పడింది. నిద్ర చాలని మర్నాడు మొదట దెబ్బతినేవి ఏకాగ్రత, చదివింది గుర్తుపెట్టుకునే శక్తి, చిరాకును అణచుకునే ఓపిక. సోమవారం క్విజ్‌కు మీకు కావలసినవి సరిగ్గా అవే. తొమ్మిదిమంది ఉన్నచోట ఎక్కడ తినాలో తేలడానికే అరగంట పడుతుంది, తేలేసరికి ఇద్దరు అలుగుతారు. మూడు చోట్లు పెట్టుకుంటే ప్రతి చోటా ‘ఇక బయల్దేరండి’ అని తొందరే. ఫొటోలు తీస్తున్నంతసేపూ కళ్ళు మళ్ళీ స్క్రీన్ మీదే. వీటన్నిటికీ తోడు అసైన్‌మెంట్లు పూర్తి చేయకుండా వెళ్ళారు, కాబట్టి అవి మీతోపాటు టికెట్టు లేకుండా ప్రయాణం చేశాయి. ఆ రెండు రోజుల్లో మీ బుర్రకు ఒక్క గంట తీరిక దొరికి ఉంటే ఆశ్చర్యమే.

క్యాంపస్‌లోనే ఉంటే ఎందుకు తేలికపడడం లేదన్నది రెండో సంగతి. గది మారి లైబ్రరీకి వెళ్ళినా, లైబ్రరీ నుంచి క్యాంటీన్‌కు వెళ్ళినా, కంటపడే ప్రతిదీ పనినే గుర్తు చేస్తుంది. నోటీసు బోర్డు, ల్యాబు తలుపు, ఎదురొచ్చే సీనియర్ కూడా. పైగా అక్కడ అందరూ దాదాపు మీ వయసువాళ్ళే, అందరిదీ ఒకే దిగులు, అందరినీ కొలిచేది ఒకే కొలబద్ద. కాఫీ తాగుతున్నా మాటలు మార్కుల మీదికే వెళ్తాయి. గేటు బయటి వీధిలో చిన్నపిల్లలుంటారు, ముసలివాళ్ళుంటారు, బరువులు దించేవాళ్ళు, చెట్లకు నీళ్ళు పోసేవాళ్ళు ఉంటారు. మీ పర్సెంటేజీ ఎంతో వాళ్ళకు తెలియదు, తెలిసినా పట్టదు. రెండు గంటలసేపు ఎవరూ మిమ్మల్ని కొలవని చోట ఉండడమే ఇందులో అసలు మందు అని మా అభిప్రాయం. చెట్లూ గాలీ దానికి తోడవుతాయి.

చెట్ల సంగతిని తేలిగ్గా తీసుకోనక్కర్లేదు. 2008లో మిషిగన్ విశ్వవిద్యాలయంలో ఒక ప్రయోగం చేశారు. కొందరిని ఒకసారి చెట్ల తోటలో, ఇంకోసారి రద్దీ వీధుల్లో దాదాపు 50 నిమిషాలు నడిపించి, ముందూ తర్వాతా అంకెలను వెనకనుంచి చెప్పే పరీక్ష పెట్టారు. తోటలో నడిచాక ఫలితం దాదాపు 20 శాతం మెరుగుపడింది, వీధుల్లో నడిచాక పెద్దగా మారలేదు. అంతకంటే గమనించాల్సింది ఒకటుంది: చలిలో, పెద్దగా ఇష్టం లేకుండా నడిచినవాళ్ళకూ ఆ లాభం దక్కింది. ‘వెళ్ళాను గానీ పెద్దగా ఆనందమేమీ అనిపించలేదు’ అని మీకు అనిపించిన రోజు ఇది గుర్తు చేసుకోండి. ఉపయోగపడడానికి ఆనందం తప్పనిసరి కాదు. 2015లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 90 నిమిషాల నడకతో ఇంకో సంగతి చూశారు. చెట్లూ గడ్డీ ఉన్నచోట నడిచినవాళ్ళలో, ఒకే బాధను తిప్పి తిప్పి తలచుకునే అలవాటు తగ్గింది. ట్రాఫిక్ రోడ్డు పక్కన నడిచినవాళ్ళలో తగ్గలేదు.

దీని వెనక ఉన్న వివరణ సులువైనదే. చదువుకు మనం బలవంతాన నిలిపి ఉంచే శ్రద్ధ కావాలి. అది వాడేకొద్దీ అలసిపోతుంది. ఆకులు కదలడం, నీళ్ళు పారడం, మబ్బులు పోవడం చూస్తుంటే కళ్ళు వాటంతటవే అటు వెళ్తాయి. బలవంతం అక్కర్లేదు కాబట్టి ఆ అలసిన శ్రద్ధకు విరామం దొరుకుతుంది. రద్దీ రోడ్డు మీద హారన్లు, దాటాల్సిన బండ్లు, బోర్డులు ఉంటాయి, అక్కడ మళ్ళీ అదే శ్రద్ధను ఖర్చు పెట్టాలి. ఫోన్ స్క్రోలింగ్ కూడా ఈ రోడ్డు జాతిదే. అందుకే గంటసేపు రీల్స్ చూసి లేచాక విశ్రాంతి తీసుకున్నట్టు అనిపించదు.

ఎంతసేపు వెళ్ళాలి? ఇంగ్లండ్‌లో దాదాపు 20,000 మంది నుంచి సేకరించిన వివరాలతో 2019లో వచ్చిన పరిశోధనలో, వారానికి మొత్తం కనీసం 120 నిమిషాలు ప్రకృతిలో గడిపేవాళ్ళు తమ ఆరోగ్యం, మనఃస్థితి బాగున్నాయని చెప్పే అవకాశం ఎక్కువగా కనిపించింది. ఒకేసారి గడిపినా, ముక్కలు చేసుకున్నా తేడా లేదు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళే ఎక్కువ బయట తిరుగుతారేమో అన్న అనుమానానికి అందులో తావుంది కాబట్టి దాన్ని వేదంలా పట్టుకోకండి, దారి చూపే అంకెగా పెట్టుకోండి. అదే ఏడాది వచ్చిన ఇంకో అధ్యయనం ఒక విడతకు 20 నుంచి 30 నిమిషాలు గడిపితే ఒత్తిడి హార్మోను కార్టిసాల్ వేగంగా తగ్గుతుందని చూపింది. కాబట్టి మీ లెక్క ఇలా ఉండొచ్చు: వారానికి ఒకసారి మూడు గంటల షికారు, మధ్యలో రెండు రోజులు అరగంట చొప్పున నడక. వారానికి 168 గంటలు. అందులో మూడు గంటలంటే రెండు శాతం కూడా కాదు. నాలుగు గంటలు కూర్చుని నాలుగు పేజీలు చదవడం ఇంతకంటే ఖరీదైన వ్యవహారం.

ఆ మూడు గంటలు ఎప్పుడన్నది ముందే ఖాయం చేయండి. ‘పని అయ్యాక వెళ్తాను’ అంటే ఎప్పటికీ వెళ్ళరు, చదువులో పని అయిపోవడమన్నది ఉండదు. శనివారం ఉదయం ఏడు నుంచి పది మంచి సమయం. ఎండ ముదరదు, జనం కాస్త ఉంటారు, చీకటి భయం లేదు, మిగతా రోజంతా చదువుకు మిగులుతుంది. ఉదయానికి ఇంకో లాభం ఉంది. గదిలో ట్యూబ్‌లైట్ వెలుతురు కొన్ని వందల లక్స్ (వెలుతురును కొలిచే ప్రమాణం) మించదు, మబ్బు పట్టిన ఆకాశం కింద కూడా అది వేలల్లో ఉంటుంది. పొద్దున్నే ఆ వెలుతురు కళ్ళకు తగిలితే ఒంట్లోని గడియారం ముందుకు జరిగి రాత్రి నిద్ర త్వరగా వస్తుంది. రెండింటికి పడుకుని తొమ్మిదింటికి లేచే హాస్టల్ అలవాటు ఉన్నవాళ్ళకు ఈ ఒక్కటే చాలా మేలు చేస్తుంది.

తప్పు చేస్తున్నానన్న భావన గురించి అడిగారు. అది మనసులోంచి ‘పో’ అంటే పోదు, కాగితం మీదికి దింపాలి. బయల్దేరే ముందు ఐదు నిమిషాలు కూర్చుని, పెండింగ్‌లో ఉన్న ప్రతి పనికీ ఒక లైను రాయండి: తిరిగొచ్చాక ఎన్నింటికి మొదలుపెడతారు, మొదటి అడుగు ఏమిటి. ‘ఫిజిక్స్ చదవాలి’ అని రాస్తే లాభం లేదు. ‘పదకొండింటికి మూడో చాప్టర్, ఏడో లెక్క, డయాగ్రమ్‌తో మొదలు’ అని రాయాలి. పూర్తికాని పని పదేపదే తలపుకు రావడం, దాన్ని ఎప్పుడు ఎలా చేస్తామో స్పష్టంగా రాసుకుంటే చాలావరకు తగ్గుతుందని 2011లో ఒక పరిశోధన చూపింది. పని పూర్తి కానక్కర్లేదు, ప్లాన్ ఉంటే చాలు. ఆ కాగితాన్ని టేబుల్ మీదే వదిలి వెళ్ళండి, సంచిలో పెట్టుకోకండి.

ఇక ఎక్కడికి? ఇందులో పెద్ద మర్మమేమీ లేదు. ఫోన్‌లో మ్యాప్ తెరిచి, క్యాంపస్ చుట్టూ నలభై నిమిషాల్లో చేరగల దూరం చూడండి. నడిచి అయితే అది మూడు కిలోమీటర్ల చిల్లర, సైకిల్ మీద ఎనిమిది నుంచి పది, బస్సులో అయితే ఒక రూటు చివరి స్టాపు వరకు. ఆ పరిధిలో ఆకుపచ్చగా, నీలంగా కనిపించేవన్నీ గుర్తు పెట్టండి. పార్కు, చెరువు, కాలువ గట్టు, నర్సరీ, ఊరి చివరి పొలాలు. తర్వాత ఊరివైపు చూడండి. పబ్లిక్ లైబ్రరీ, మ్యూజియం, పాత భవనాలున్న వీధులు, తెల్లవారుజామున సందడిగా ఉండే పూల బజారో కూరగాయల మార్కెట్టో, రైల్వే స్టేషన్. పది చోట్లు రాసుకుంటే రెండు నెలలు గడుస్తాయి. బుర్ర మరీ అలసిన వారం ఆకుపచ్చ చోటు ఎంచుకోండి. ఒంటరిగా, దిగులుగా ఉన్న వారం మనుషులుండే చోటు మేలు. డబ్బు సంగతంటారా, వీటిలో చాలావాటికి టికెట్టు లేదు. బస్సు చార్జీ, మధ్యలో తినడానికి గదిలోంచి తెచ్చుకున్నదేదో సరిపోతుంది.

దొరికిన పది చోట్లలో ఒకటి మీకు బాగా నచ్చుతుంది. కొత్త చోటు కోసం దాన్ని వదిలేయకండి, నెలకు రెండుసార్లు అక్కడికే వెళ్ళండి. తెలిసిన దారిలో మ్యాప్ చూడనక్కర్లేదు, భయపడనక్కర్లేదు, బుర్ర పూర్తిగా ఖాళీ అవుతుంది. మూడోసారికి టీ కొట్టు మనిషి గుర్తుపట్టి పలకరిస్తాడు. ఆ పలకరింపు చిన్నదే గానీ, క్యాంపస్ బయట మిమ్మల్ని ఎరిగిన మనిషి ఒకరున్నారన్నది తక్కువ బలం కాదు.

సమయాన్ని ఇలా పంచండి: మూడు గంటల్లో ఒక గంట వెళ్ళడానికి, కనీసం ఒక గంట అక్కడ ఉండడానికి, ఒక గంట తిరిగి రావడానికి. ప్రయాణానికి పట్టేది అక్కడ గడిపే సమయానికి రెట్టింపు దాటిందంటే ఆ చోటు ఈ వారానికి పనికిరాదు. వెనక్కి తిరిగే సమయాన్ని బయల్దేరేటప్పుడే ఖాయం చేసి అలారం పెట్టండి. ‘ఇంకో మలుపు వరకు’ అనుకుంటూ వెళ్ళడంవల్లే చీకటి పడుతుంది, చివరి బస్సు పోతుంది, మరుసటి వారం వెళ్ళబుద్ధి కాదు. కొండో గుట్టో ఎక్కాలంటే 1892లో విలియం నైస్మిత్ అనే స్కాట్లాండ్ పర్వతారోహకుడు చెప్పిన లెక్క ఇప్పటికీ పనికొస్తుంది. నడకకు గంటకు ఐదు కిలోమీటర్లు, ఆపైన ప్రతి వంద మీటర్ల ఎత్తుకు పది నిమిషాలు అదనం. అలవాటు లేనివాళ్ళు దానికి ఇంకో సగం కలుపుకోవాలి.

అక్కడికి చేరాక ఏం చేయాలో తెలియక చాలామంది ఫోన్ తీస్తారు. మొదటి పదిహేను ఇరవై నిమిషాలు ఎవరికైనా కష్టంగానే ఉంటాయి. తలలో క్విజ్ తిరుగుతూనే ఉంటుంది, ‘ఇదంతా వృథా’ అనిపిస్తుంది, తిరిగి వెళ్ళిపోదామనిపిస్తుంది. ఆ ఇరవై నిమిషాలు దాటేదాకా ఏ నిర్ణయమూ తీసుకోకండి. కళ్ళకూ చెవులకూ చిన్న పని అప్పగిస్తే సులువవుతుంది. ఒకచోట కూర్చుని ఎన్ని రకాల పక్షి కూతలు వినిపిస్తున్నాయో లెక్కపెట్టండి. ఒక్క చెట్టును పది నిమిషాలు బొమ్మ గీయండి, బాగా రాకపోయినా పర్వాలేదు. పాత వీధిలో తలుపులు, కిటికీలు ఎన్ని రకాలున్నాయో చూడండి. కాలువ వెంట అది ఎక్కడి నుంచి వస్తోందో చూసుకుంటూ పైకి నడవండి. ఆ పని తేలికగా ఉండాలి, దాని ఫలితం ఎవరికీ చూపించాల్సిన అవసరం ఉండకూడదు.

ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. చదువుకునే పిల్లల్లో ప్రతిదాన్నీ టార్గెట్‌గా మార్చే జబ్బు ఒకటి ఉంటుంది. నాలుగు వారాలకల్లా షికారుకు కూడా మార్కులు వేసుకోవడం మొదలవుతుంది: ఎన్ని చోట్లు చూశాను, ఎన్ని అడుగులు నడిచాను, ఎన్ని లైకులు వచ్చాయి. రోజుకు పదివేల అడుగులన్న అంకె కూడా 1965లో జపాన్‌లో అమ్మకానికొచ్చిన ఒక పెడోమీటర్ పేరులోంచి పాకిందే తప్ప ఏ వైద్యుడూ కొలిచి చెప్పింది కాదు. అడుగులు లెక్కపెట్టే యాప్‌ను ఆ మూడు గంటలూ మూసేయండి. చెవిలో లెక్చర్ రికార్డింగ్ పెట్టుకుని నడిచే తెలివి కూడా వద్దు, అది క్లాసును పార్కులోకి మోసుకెళ్ళడమే. పాటలు పర్వాలేదు గానీ ఒంటరిగా ఉన్నప్పుడు ఒక చెవి ఖాళీగా ఉంచుకోండి. ఫొటోలు తీసుకోవాలంటే చివరి పది నిమిషాల్లో తీసుకోండి, గదికి వచ్చాక పోస్టు చేయండి. ఉన్నచోటు నుంచి అప్పటికప్పుడు పోస్టు చేస్తే మీరు ఒంటరిగా ఎక్కడున్నారో ఊరందరికీ చెప్పినట్టే.

ఒంటరిగా వెళ్ళడంలో భయం ఉండడం సహజం, కొంత అవసరం కూడా. మొదటి రెండు మూడుసార్లు ఒక స్నేహితురాలితో వెళ్ళండి, దారి తెలిశాక ఒంటరి ప్రయాణం మొదలుపెట్టండి. గుంపు అయితే నలుగురు మించకుండా చూసుకోండి. ‘పరీక్షల మాట ఎత్తకూడదు’ అన్న షరతు ముందే పెట్టాలి, లేకపోతే క్యాంటీన్ కబుర్లే పార్కులో సాగుతాయి. ఒక్కరే వెళ్ళేటప్పుడు పగటిపూట, జనసంచారం ఉన్నచోటే తిరగండి. ఎక్కడికి, ఏ దారిన, ఎన్నింటికి తిరిగొస్తారో ఒక్కరికైనా మెసేజ్ పెట్టండి. చెప్పిన టైముకు ముప్పావుగంట దాటినా కబురు రాకపోతే ఏం చేయాలో కూడా వాళ్ళతో ముందే అనుకోండి: ముందు ఫోన్ చేయాలి, తీయకపోతే ఎవరికి చెప్పాలి. లైవ్ లొకేషన్ ఒక్కరికి పంపితే చాలు. ఎవరైనా వెంటపడుతున్నట్టో, ఆ చోటు బాగా లేదనో అనిపిస్తే కారణం వెతుక్కోకుండా జనం ఉన్నవైపు నడిచేయండి. అలాంటప్పుడు మర్యాద, మొహమాటం అక్కర్లేదు.

ఫోన్ విషయంలో రెండు సంగతులు తెలుసుకోవాలి. జీపీఎస్‌కు ఇంటర్నెట్ అవసరం లేదు, మ్యాప్‌కే అవసరం. కాబట్టి వైఫై ఉన్నప్పుడే ఆ ప్రాంతం మ్యాప్‌ను ఆఫ్‌లైన్‌లో దింపుకోండి. సిగ్నల్ సరిగా లేనిచోట ఫోన్ టవర్‌ను వెతుక్కుంటూ బ్యాటరీని త్వరగా తినేస్తుంది. అలాంటిచోట ఫ్లైట్ మోడ్‌లో పెట్టినా చాలా ఫోన్లలో జీపీఎస్ పనిచేస్తూనే ఉంటుంది. లైవ్ లొకేషన్ మాత్రం ఆగిపోతుంది కాబట్టి ముందే మీ మనిషికి ఆ మాట చెప్పండి. బ్యాటరీ సగానికి తగ్గితే వెనుదిరగండి.

సంచిలో పెట్టుకోవాల్సినవి ఎక్కువేం లేవు. నీళ్ళు, ఎండ ఉంటే గంటకు అర లీటరు లెక్కన. ఏదైనా తినేది, కాలేజీ గుర్తింపు కార్డు, తిరుగు ప్రయాణానికి సరిపడా డబ్బు ఫోన్‌లో కాక చేతిలో, టోపీ లేదా గొడుగు, రెండు ప్లాస్టర్లు. కొత్త చెప్పులు, కొత్త బూట్లు వేసుకుని దూరం నడవకండి. రాపిడికి వేడి, చెమట తోడైతే కాలికి బొబ్బ త్వరగా లేస్తుంది. మంటగా అనిపించిన క్షణమే ఆగి తుడిచి ప్లాస్టర్ వేస్తే అది అక్కడితో ఆగుతుంది, ‘కాస్త దూరమేగా’ అని నడిస్తే మూడు రోజులు కుంటాలి. ఎండలో తలనొప్పి, తల తిరగడం, వికారం మొదలైతే నీడకు వెళ్ళి ఒళ్ళు తడుపుకుని నీళ్ళు తాగండి. పక్కవాళ్ళు తికమకగా మాట్లాడుతున్నా, స్పృహ తప్పుతున్నా అది వడదెబ్బ. ఒళ్ళు చల్లబరుస్తూనే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. ఉరుము విషయానికొస్తే, మెరుపు కనిపించిన 30 సెకన్ల లోపే ఉరుము వినిపిస్తే పిడుగు దగ్గరలో ఉన్నట్టే. చెట్టు కింద నిలబడకుండా పక్కా భవనంలోకి వెళ్ళి, చివరి ఉరుము విన్నాక అరగంట ఆగండి.

నీళ్ళ దగ్గర మాత్రం ఎలాంటి సడలింపూ లేదు. చెరువైనా, నది అయినా, జలపాతమైనా గట్టు మీద నుంచే చూడండి. పైన నిలకడగా కనిపించే నీటి అడుగున గుంత ఎక్కడుందో, ప్రవాహం ఎటు లాగుతోందో ఒడ్డునుంచి తెలియదు. నాచు పట్టిన రాయి మీద ఈతగాడి కాలైనా జారుతుంది. ఎవరైనా మునుగుతుంటే వెంట దూకకండి. చున్నీ, కర్ర, తాడు, ఖాళీ సీసాలు కట్టిన సంచి, ఏదైనా అందించి లాగండి, కేకలు వేయండి. ఒకరి వెంట ఒకరు దిగడంవల్లే ఒక్క ప్రాణం పోయేచోట ముగ్గురివి పోతాయి.

తిరిగొచ్చాక వెంటనే పుస్తకం తీయకండి, ఫోన్ కూడా. స్నానం, తిండి, ఒక అరగంట. తర్వాత టేబుల్ మీద వదిలిన కాగితం తీసి అందులో రాసిన మొదటి అడుగు వేయండి. ‘ఏడో లెక్క, డయాగ్రమ్’ అని రాసి ఉంది కాబట్టి ఎక్కడ మొదలుపెట్టాలా అని తడుముకోనక్కర్లేదు.

పరీక్షల వారంలో షికారు మానేయడం పెద్ద పొరపాటు. అయితే మూడు గంటలూ అక్కర్లేదు, తెలిసిన దారిలో పొద్దున 25 నుంచి 30 నిమిషాలు చాలు. ఆ వారం కొత్త చోట్లు వద్దు, దారి తప్పినా కాలు బెణికినా సర్దుకునే వ్యవధి ఉండదు. ఒక సమస్య ఎంతకీ తెగకపోతే లేచి కాసేపు నడవడం కూడా పనికొస్తుంది. 2014లో వచ్చిన ఒక అధ్యయనంలో ట్రెడ్‌మిల్ మీద గోడ చూస్తూ నడిచినవాళ్ళకు కూడా కూర్చున్నప్పటి కంటే కొత్త ఆలోచనలు ఎక్కువ వచ్చాయి. కాకపోతే ఒకే సరైన జవాబు ఉండే ప్రశ్నలకు ఆ లాభం కనిపించలేదు, లెక్కల పేపర్‌కు మాత్రం కూర్చోక తప్పదు.

పెద్ద ట్రిప్పులు వద్దనడం లేదు. నెలకో, రెండు నెలలకో ఒకటి పెట్టుకోండి. ఒకే చోటు, నలుగురు, పొద్దున ఆరింటికి బయల్దేరి సాయంత్రం ఆరింటికి గదిలో ఉండాలి, రాత్రి ప్రయాణం ఉండకూడదు. సోమవారం ఇవ్వాల్సినవి శుక్రవారమే ఇచ్చేయాలి, ఆదివారం ఖాళీగా ఉంచుకోవాలి. వీటిలో ఏ ఒక్కటి కుదరకపోయినా ఆ నెల ట్రిప్పు మానేసి మూడు గంటల షికారుకే వెళ్ళండి.

ఒక్క మాట మాత్రం నిక్కచ్చిగా చెప్పాలి. రెండు వారాలకు పైగా దాదాపు ప్రతిరోజూ దిగులుగా ఉండడం, ఇష్టమైనవాటి మీద కూడా ఆసక్తి పోవడం, నిద్ర, ఆకలి బాగా తగ్గిపోవడమో పెరిగిపోవడమో, బయటికి వెళ్ళినా ఏమాత్రం తేలికపడకపోవడం కనిపిస్తే దానికి షికారు సరిపోదు. కాలేజీ కౌన్సిలర్‌నో డాక్టర్‌నో కలవండి, షికారు దానికి తోడుగా సాగించొచ్చు. బతకాలని లేదన్న ఆలోచన వస్తే అపాయింట్‌మెంట్ దాకా ఆగకండి. ఆ క్షణమే పక్క గదిలో ఉన్నవాళ్ళకో, వార్డెన్‌కో, ఇంట్లోవాళ్ళకో చెప్పండి, ఒంటరిగా ఉండకండి, హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయండి లేదా ఎమర్జెన్సీకి వెళ్ళండి.

ఇక ఇంట్లో చెప్పడం. ‘నాకు ఒత్తిడిగా ఉంది, బయట తిరగాలనుంది’ అంటే వాళ్ళకు రెండు భయాలు ఒకేసారి మొదలవుతాయి, పిల్ల ఎలా ఉందోనని ఒకటి, ఎక్కడ తిరుగుతోందోనని ఇంకొకటి. అనుమతి అడిగే ధోరణిలో కాక వివరాలతో చెప్పండి. ఉదాహరణకు: ‘అమ్మా, శనివారం పొద్దున ఏడింటికి నేనూ నా రూమ్మేటూ చెరువు గట్టు పార్కుకు వెళ్తున్నాం. సిటీ బస్సులోనే. పదింటికి రూమ్‌కి వచ్చి ఫోన్ చేస్తాను. రూమ్మేట్ నంబరు కూడా పంపుతున్నాను.’ ఎక్కడికి, ఎవరితో, ఎలా, ఎప్పటికి అన్న నాలుగు ప్రశ్నలకూ వాళ్ళు అడగకముందే జవాబు వచ్చేస్తుంది. పదింటికి చేస్తానన్న ఫోన్ పది దాటనివ్వకండి. నాలుగైదు వారాలు ఆ ఫోన్ టైముకు వెళ్తే, ఒంటరిగా వెళ్తానన్న మాట ఎత్తడం సులువవుతుంది. తెలిసిన చోటే, తెలిసిన బస్సే, పగటిపూటే కాబట్టి వాళ్ళు కాదనడానికి పెద్దగా కారణం మిగలదు. అప్పటికీ నాన్న ఒప్పుకోకపోతే, ఆయన మీ దగ్గరికి వచ్చినప్పుడు ఆయన్నే ఒకసారి ఆ బస్సెక్కించి తీసుకెళ్ళి చూపించండి.